బంతి అన్నం పెడుతుందా?
మహమ్మద్ హబీబ్ జీవితం చెప్పే జవాబు

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగానికి వ్రాతరూపం)



నేను బడిలో రోజూ ఉర్దూలో పాఠాలు చెప్పేవాణ్ణి. ఈ సభకు తెలుగు సోదరులు కూడా చాలామంది వస్తారు గనుక తెలుగులోనే మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నేను పిల్లల కాగితాలు దిద్దినట్టు మీరు నా మాటలు దిద్దకుండా, తప్పులుంటే మన్నించాలని ముందే మనవి చేసుకుంటున్నాను.

ప్రతి సంవత్సరం ఈ వేదిక మీద చదువు గురించి మాట్లాడుకుంటాం. ఫీజులు, స్కాలర్‌షిప్పులు, ఆడపిల్లల కాలేజీ, అన్నీ అవసరమైన మాటలే. ఈసారి ఆట గురించి మాట్లాడతానంటే కార్యదర్శిగారు కళ్లజోడు సవరించుకుని, "మాస్టర్ సాబ్, తల్లిదండ్రులు యేమంటారో!" అన్నారు. తల్లిదండ్రులు యేమంటారో నాకు తెలుసు. ఇరవై యేళ్లుగా వింటున్నాను గదా. "బంతి అన్నం పెడుతుందా, సార్?" అంటారు. ఆ ప్రశ్నకే ఇవాళ జవాబు వెతుకుదాం.

పోయిన యేడు తొమ్మిదో తరగతి కుర్రాడొకడు నాకు ఫోన్‌లో ఒక బొమ్మ చూపించాడు. ఇంగ్లాండు ఆటగాడు జేమీ వార్డీ. చిన్నప్పుడు పొట్టిగా వున్నాడని ఒక పెద్ద క్లబ్బు అతణ్ణి పంపించేసిందట. ఆ తర్వాత లీగుకు బయట ఆడే చిన్న చిన్న క్లబ్బుల్లో, వారానికి ముప్ఫై పౌండ్ల జీతానికి ఆడుతూ, పగలు ఫ్యాక్టరీలో పని చేశాడు. విరిగిన కాళ్లూ చేతులకు కట్టే పట్టీలు తయారుచేసే ఫ్యాక్టరీ అది. 2012లో లెస్టర్ సిటీ అనే క్లబ్బు అతణ్ణి పది లక్షల పౌండ్లకు తీసుకుంది. 2016లో ఆ క్లబ్బు ఆ దేశపు లీగులన్నిటికీ పైనున్న లీగు గెలిచింది. వార్డీ ఆ జట్టులో ముందు వరస ఆటగాడు.

కుర్రాడు చెప్పిందంతా విని, "శభాష్, మరి మన హైదరాబాదులో అలాంటివాడు యెవడైనా వున్నాడా?" అని అడిగాను. తల అడ్డంగా వూపాడు. తప్పు వాడిది కాదు. చెప్పనివాళ్లం మనం. అందుకే ఇవాళ మహమ్మద్ హబీబ్ గారి గురించి చెప్తాను.

అయితే ఒక తేడా ముందే గమనించాలి. ఇంగ్లాండులో చిన్న క్లబ్బు గెలిస్తే ఒక మెట్టు పైకి పోతుంది, ఓడితే ఒక మెట్టు దిగుతుంది. వీధి చివరి క్లబ్బు నుంచి అన్నిటికన్నా పై లీగు దాకా వరసగా మెట్లున్నాయి. మన దగ్గర హబీబ్ గారి కాలంలో ఆ మెట్లు లేవు. దేశమంతటికీ కలిపి ఒక లీగు మొదలైందే 1996లో. అంతకుముందు కలకత్తా లీగు కలకత్తాది, బొంబాయిది బొంబాయిది. హైదరాబాదు మైదానంలో ఆడే కుర్రవాడు పైకి రావాలంటే మెట్లు యెక్కడం కాదు, రైలెక్కాలి.

అలాగని హైదరాబాదుకు ఆట లేదనుకోకండి. ఒకప్పుడు ఈ దేశానికి ఫుట్‌బాల్ నేర్పింది మన నగరమే. మన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. సంతోష్ ట్రోఫీలో హైదరాబాదు జట్టు వరసగా రెండేళ్లు, 1956-57లోనూ 1957-58లోనూ, విజేత. ఆ విజయాల వెనక వున్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్. ఆయన యెవరని అడిగితే నా ఛాతీ కొంచెం ఉబ్బుతుంది. ఆయన బడిపంతులు! ఉస్మానియాలో చదివి, నగరంలోని బడుల్లో పాఠాలు చెప్పి, సాయంత్రం మైదానంలో నిలబడిన మనిషి.

పిల్లల ఆట బాగుపడాలని ఆయన విచిత్రమైన పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బంతిని కాళ్ల మధ్య తిప్పుకుంటూ పోకూడదు, అందగానే తోటివాడికి ఇచ్చేయాలి. ఇంకో పోటీలో చేతకాని కాలితోనే తన్నాలి. కుడికాలి వాడు ఎడమకాలితో, ఎడమకాలి వాడు కుడికాలితో. పంతులు బుర్ర అంటే ఇదే గదా! లెక్కల్లో తప్పే పిల్లవాడికి లెక్కలే యెక్కువ ఇస్తాం.

సికింద్రాబాదు పక్కన అమ్ముగూడలో పేద ఇంట్లో పుట్టిన తులసీదాస్ బలరాం అనే కుర్రవాణ్ణి ఆయన ఇలాగే చూసి పట్టుకున్నారు. సాధనకు నగరం దాకా రోజూ రావడానికి డబ్బుల్లేవంటే, సైకిలు బాడుగకు రహీం సాహెబే తన జేబులోంచి ఇచ్చారని చెప్పుకుంటారు. ఆ బలరామే 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చిన జట్టులోనూ, 1962లో జకార్తాలో స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఆడాడు. రెండు జట్లకూ గురువు రహీం సాహెబే. జకార్తా నాటికే ఆయన ఊపిరితిత్తుల కాన్సరుతో వున్నారు. 1963 జూన్‌లో కన్నుమూశారు. ఆయన మీద 2024లో హిందీలో సినిమా వచ్చాక గాని మన పిల్లలు ఆయన పేరు వినలేదు. దానికి కూడా సిగ్గుపడవలసింది మనమే.

ఈ గాలి పీల్చిన నగరంలో 1949 జూలై 17న మహమ్మద్ హబీబ్ పుట్టారు. ఇంట్లో అన్నదమ్ములు చాలామంది ఆటగాళ్లే. తమ్ముడు అక్బర్ కూడా తర్వాత కలకత్తాలో పేరు తెచ్చుకున్నారు. 1976లో పెద్ద పోటీలో ఆట మొదలైన పదిహేడో సెకనులోనే గోలు కొట్టిన అక్బర్ ఆయనే. ఈల వూదిన తర్వాత ప్రేక్షకుడు కూర్చునేలోగా గోలు పడింది!

హబీబ్ గారు పొడగరి కాదు, బలాఢ్యుడూ కాదు. మైదానంలో ఈ కొస నుంచి ఆ కొసకు అలుపు లేకుండా పరుగెత్తేవారు. బంతి పోతే నిలబడి చేతులు తిప్పడం కాదు, వెనక్కు పరుగెత్తి మళ్లీ తెచ్చుకోవడం ఆయన ఆట. 1965-66 సంతోష్ ట్రోఫీలో మన ఆంధ్రప్రదేశ్ జట్టు బెంగాలును ఓడించి గెలిచింది. అప్పటికి పదిహేడేళ్లయినా నిండని హబీబ్ ఆ జట్టులో వున్నారు. కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బు పెద్దల కన్ను ఆయన మీద పడింది. 1966లో పిల్లవాడు కలకత్తా రైలెక్కాడు.

సోదరులారా, పదిహేడేళ్లంటే ఇంటర్మీడియట్ వయసు. సుమారు పదిహేను వందల కిలోమీటర్లు. భాష వేరు, తిండి వేరు. మనమైతే పిల్లవాణ్ణి దిల్‌సుఖ్‌నగర్ కోచింగుకు పంపాలన్నా బస్సెక్కించి రెండుసార్లు ఫోను చేస్తాం. అక్కడ ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ అనే మూడు పెద్ద క్లబ్బులు. ఓడిపోతే వూరు వూరంతా అన్నం మానేసేంత అభిమానం. గెలిపిస్తే భుజాల మీద మోస్తారు, ఓడితే ముఖం చూడరు. అలాంటిచోట ఈ హైదరాబాదు కుర్రవాడు పదిహేనేళ్లకు పైగా, మూడు క్లబ్బుల్లోనూ మారిమారి ఆడి, మూడుచోట్లా ప్రేమ సంపాదించాడు. కలకత్తా ఆయనకు పెట్టిన పేరు "బడే మియా".

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆ రోజుల్లో మంచి ఆటగాడికి రైల్వేలోనో, బాంకులోనో, కస్టమ్స్‌లోనో ఉద్యోగం ఇచ్చేవారు. ఉదయం సంతకం, సాయంత్రం సాధన, నెల తిరిగితే జీతం, ముసలితనంలో పింఛను. తల్లిదండ్రులు కోరుకునేది అదే. అందులో తప్పేమీ లేదు, నేనూ అలాంటి జీతగాణ్ణే. హబీబ్ గారు మాత్రం ఉద్యోగం వద్దన్నారు. నా వృత్తి ఫుట్‌బాల్, నా రిజ్క్ ఇందులోనే వుందన్నారు. భారతదేశంలో నిజమైన మొదటి వృత్తి ఆటగాడు హబీబేనని ఆటను యెరిగినవాళ్లు అనేది ఇందుకే.

వృత్తి అంటే డబ్బు తీసుకోవడం మాత్రమే అనుకుంటే పొరపాటు. మన దగ్గర తాపీమేస్త్రీ వున్నాడు, దర్జీ వున్నాడు, వంట మాస్టరు వున్నాడు. పని సాయంత్రానికి పూర్తి కాకపోతే వాడికి కూలి రాదు. రెండోసారి యెవడూ పిలవడు. హబీబ్ గారి ఆట అలాంటిదే. వెనక జీతం లేదు. ఇవాళ కాలు నొప్పిగా వుందని పడుకుంటే రేపు పిలుపు లేదు. అందుకే సాధనలో శ్రద్ధ, తిండిలో అదుపు, ప్రతి పోటీలో చివరి ఈల దాకా పరుగు. చెమటోడ్చి తిన్న అన్నం అది. పేరు ఆట, పని మాత్రం మెహనత్.

ఫలితాలు చూడండి. 1969లో సంతోష్ ట్రోఫీలో ఆయన బెంగాలు తరఫున ఆడారు. పోటీ మొత్తంలో పదకొండు గోల్స్ ఆయనవే. ఫైనల్లో సర్వీసెస్ జట్టు మీద ఒక్కడే అయిదు గోల్స్! మూడేళ్ల కిందట బెంగాలును ఓడించిన జట్టులోని పిల్లవాడే బెంగాలుకు ట్రోఫీ తెచ్చిపెట్టాడు. 1970 బాంకాక్ ఆసియా క్రీడల్లో మన దేశం కాంస్యం గెలిచింది. ఆ జట్టు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాదీయే, హబీబ్ గారు ఆ జట్టులో ముఖ్యుడు. ఆ తర్వాత 2023 హాంగ్‌జౌ క్రీడల దాకా యాభై మూడేళ్లలో ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో మనకు ఇంకో పతకం రాలేదు. 1980లో కేంద్ర ప్రభుత్వం ఆయనకు అర్జున అవార్డు ఇచ్చింది.

అన్నిటికన్నా నాకిష్టమైన ఘట్టం 1977 సెప్టెంబరు 24. నేను అప్పటికి పుట్టలేదు. మా అబ్బాజాన్ చెప్పగా విని, తర్వాత చదివి తెలుసుకున్నది. అమెరికా నుంచి న్యూయార్క్ కాస్మోస్ క్లబ్బు కలకత్తా వచ్చింది. ఆ జట్టులో ఆడేది యెవరు? సాక్షాత్తు పెలే. మూడు ప్రపంచ కప్పులు గెలిచిన పెలే! ఆయనతో పాటు బ్రెజిల్‌కు 1970 ప్రపంచ కప్పు అందించిన నాయకుడు కార్లోస్ అల్బెర్టో, ఇటలీ ఆటగాడు కినాలియా. ఎదుట మోహన్ బగాన్. ఈడెన్ గార్డెన్స్ కిటకిటలాడుతోంది. వాన పడి నేల చిత్తడి. అందరూ వచ్చింది పెలేను చూడడానికే.

ముందు కార్లోస్ అల్బెర్టో గోలు కొట్టాడు. ఇంక గోల్స్ లెక్కపెట్టుకోవడమే అనుకున్నారు జనం. వెంటనే శ్యామ్ థాపా లెక్క సరిచేశాడు. ఆ తర్వాత మన హబీబ్ కొట్టారు. రెండు ఒకటి! ప్రపంచంలోని మహామహుల మీద మోహన్ బగాన్ ముందంజలో వుంది, ముందుకు తెచ్చినవాడు హైదరాబాదు మైదానంలో బంతి నేర్చినవాడు. చివరికి కినాలియా పెనాల్టీ కొట్టి కాస్మోస్‌ను గట్టెక్కించాడు. రెండు రెండు. పెలే వున్న జట్టు గెలవలేక వెళ్లింది.

ఆ యేడే మోహన్ బగాన్ ఐ.ఎఫ్.ఎ. షీల్డు, రోవర్స్ కప్పు, డ్యురాండ్ కప్పు, మూడూ ఒకే సీజనులో గెలిచింది. దేశంలో అంతకుముందు యే క్లబ్బూ చేయని పని అది. అంటే పెలే ముందు చూపిన ఆట ఒక్కరోజు ఉత్సాహం కాదన్నమాట. పెద్దవాడు చూస్తున్నాడని బాగా ఆడడం అందరూ చేస్తారు. యెవరూ చూడని మామూలు పోటీలో కూడా అంతే ఆడేవాడే వృత్తిగాడు. పిల్లలూ, పరీక్ష కాగితం దిద్దేది మీ మాస్టరైనా, బోర్డు వారైనా అక్షరం ఒకటే వుండాలని నేను మీతో చెప్పేది ఇదే.

ఆడడం మానేశాక ఆయన పిల్లలకు నేర్పారు. జంషెడ్‌పూర్‌లోని టాటా ఫుట్‌బాల్ అకాడమీలో శిక్షకుడుగా పనిచేశారు. చివరి సంవత్సరాల్లో జబ్బు పట్టుకుంది. వణుకుడు జబ్బు, దానితో మతిమరుపు. కలకత్తా లక్షలమంది గుర్తుపెట్టుకున్న గోల్స్‌ను కొట్టినాయనే మరిచిపోతూ వచ్చారు. 2023 ఆగస్టు 15న, దేశమంతా జెండా యెగరేసిన రోజున, మన హైదరాబాదులోనే కన్నుమూశారు. డెబ్బయి నాలుగేళ్లు. అల్లా ఆయనకు జన్నత్ ప్రసాదించుగాక.

ఇప్పుడు నా గురించి ఒక మాట చెప్పుకోవాలి. చెప్పకుండా దిగిపోతే ఈ ప్రసంగం సగం అబద్ధమవుతుంది.

సుమారు పన్నెండేళ్ల కిందట నా తరగతిలో ఒక కుర్రాడుండేవాడు. తండ్రి కంకర క్రషర్‌లో పని. పిల్లవాడు బంతి లేనిదే నడవడు. బంతి దొరక్కపోతే గుడ్డలు చుట్టి తాడు కట్టి తన్నేవాడు. ఒకరోజు తండ్రి బడికొచ్చాడు. నగరంలో ఫుట్‌బాల్ సెలక్షన్లున్నాయట, నాలుగు రోజులు పంపాలట. "మాస్టర్ సాబ్, మీరు పంపమంటే పంపుతా, వద్దంటే మానేస్తా" అన్నాడు. పాపం, చదువు రాని మనిషి, బరువంతా నా మీద పెట్టాడు. నేను కాగితాలు దిద్దుతున్నాను. తల కూడా సరిగ్గా యెత్తలేదు. "పరీక్షలు దగ్గరకొచ్చాయి భాయ్, బంతి అన్నం పెడుతుందా?" అన్నాను. ఆయన సలాం చేసి వెళ్లిపోయాడు.

పిల్లవాడు పది పాసయ్యాడు. ఇప్పుడు మోటారు సైకిలు మీద ఇంటింటికీ పార్సిళ్లు అందిస్తాడు. హలాల్ పని, నాకు గౌరవమే. 2023 ఆగస్టు 15న బడిలో జెండా కార్యక్రమం ముగిసి, గేటు దగ్గర నిలబడి వున్నాను. అతను బండి ఆపి సలాం చేశాడు. "సార్, హబీబ్ సాబ్ పోయారట, తెలుసా?" అన్నాడు. అతని గొంతులో నా మీద కోపం లేదు. ఒక పెద్దమనిషి పోయాడన్న దుఃఖమే వుంది. వెళ్లిపోయాక నేను చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

వాడు హబీబ్ అయ్యేవాడా? అయ్యేవాడు కాదేమో. లక్షమందిలో ఒకడు అవుతాడు. నా తప్పు అది కాదు. వాడు ఆడుతుండగా నేను ఒక్కసారి కూడా చూడలేదు. బడి వెనక మైదానం నాకు నలభై అడుగులు. చూడకుండానే తీర్పు చెప్పాను. రహీం సాహెబు కూడా బడిపంతులే, నేనూ బడిపంతుల్నే. ఆయన సాయంత్రం మైదానానికి వెళ్లి చూశారు, నేను వెళ్లలేదు.

కాబట్టి బంతి అన్నం పెడుతుందా అంటే నిజాయితీగా నా జవాబు ఇది. చాలామందికి పెట్టదు. కొద్దిమందికి, హబీబ్ గారిలాగా ప్రాణం పెట్టిన వాళ్లకు పెడుతుంది. ఆ కొద్దిమంది యెవరో ఇంట్లో కూర్చుంటే తెలియదు. అందుకే చదువు మానమని నేను చెప్పను. రెండూ జరగాలి. చదువు వున్నవాడికి ఆట పోయినా దారి వుంటుంది.

ఇంక మన అబ్దుల్లాపూర్‌మెట్ సంగతి. ఎల్బీ నగర్ నుంచి హయత్‌నగర్ దాటి విజయవాడ రోడ్డు వెంట రండి. నా చిన్నప్పుడు బీడుగా వున్న నేలలన్నీ ఇప్పుడు ప్లాట్లు, రాళ్లు పాతిన హద్దులు. మంచిదే, ధరలు పెరిగాయి, కొందరికి నాలుగు డబ్బులు వచ్చాయి. కాని పిల్లలు యెక్కడ ఆడాలి? ఎల్బీ నగర్‌లో ఎల్బీ అంటే లాల్ బహదూర్ శాస్త్రిగారు. ఫతే మైదాన్‌కు కూడా 1967లో ఆయన పేరే పెట్టారు. ఒకే పేరుతో ఒక పక్క స్టేడియం, ఇంకో పక్క బస్తీ. మన పిల్లవాడు ఈ బస్తీ దాటి ఆ స్టేడియం దాకా చేరాలంటే ముందు మన దగ్గర ఒక్క మైదానమైనా మిగలాలి. హైదరాబాదు ఫుట్‌బాల్ యెందుకు తగ్గిందని పెద్దవాళ్లు వాదిస్తుంటారు. కారణాలు చాలా వుండవచ్చు. మైదానాలు పోవడం అందులో ఒకటని చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

2024 డిసెంబరులో సంతోష్ ట్రోఫీ చివరి పోటీలు మన హైదరాబాదులోనే జరిగాయి. గెలిచింది బెంగాలు. పెద్దవాళ్లు పోటీలు తెస్తారు, వెళ్తారు. అడుగు మెట్టు మాత్రం వూరివాళ్లే వేయాలి. అందుచేత సంఘానికి మూడు మనవులు.

మొదటిది, వూళ్లో మిగిలిన ఖాళీ జాగాల్లో ఒక్కటైనా పిల్లల ఆటకు వుంచాలని గ్రామ పెద్దలను, అధికారులను అందరం కలిసి, మతం కులం చూడకుండా, అడగాలి. బంతికి మతం లేదు. రహీం సాహెబు బలరాంను పట్టుకున్నప్పుడు పేరు చూడలేదు, కాలు చూశారు.

రెండోది, సంఘం ఇచ్చే పుస్తకాలతో పాటు యేడాదికి కొన్ని బంతులు, అవసరమైన పిల్లలకు బూట్లు ఇవ్వాలి. నగరంలో సెలక్షన్లకు వెళ్లే పిల్లవాడికి బస్సు చార్జీ ఇవ్వాలి. రహీం సాహెబు ఇచ్చిన సైకిలు బాడుగ ఒక ఒలింపిక్ ఆటగాణ్ణి తయారుచేసింది. మనకు అంతకన్నా లాభమున్న ఖర్చు యేముంది?

మూడోది నాకు నేను పెట్టుకున్నది. వారానికి రెండు సాయంత్రాలు, అసర్ నమాజు తర్వాత మగ్రిబ్ దాకా, నేను మైదానంలో వుంటాను. నాకు ఆట నేర్పడం రాదు. చూడడం వచ్చు. బాగా ఆడే పిల్లవాడు కనిపిస్తే, తెలిసినవాళ్ల దగ్గరికి వేలు పట్టుకుని తీసుకుపోవడం వచ్చు. తోడు వచ్చే పెద్దలుంటే సంతోషం.

తల్లులకు, తండ్రులకు చివరి మాట. రేపు మీ పిల్లవాడు బూట్లు కావాలని అడిగితే వెంటనే కొనిపెట్టమని నేను అనను. ఒక్క సాయంత్రం గట్టు మీద కూర్చుని వాడి ఆట చూడండి. ఆ తర్వాత మీ ఇష్టం.

పిల్లలూ, మీకూ ఒక మాట. హబీబ్ గారి పేరు చెప్పి హోంవర్కు యెగ్గొడితే ఊరుకోను. ఆయన యే పనినీ యెగ్గొట్టలేదు. అది గుర్తుంచుకోండి.

 మన పిల్లల కాళ్లకు బలం, మన చూపుకు వెలుగు, మన సంఘానికి బరకత్ అల్లా ప్రసాదించుగాక. ఆమీన్. ఖుదా హాఫిజ్, నమస్కారం.